ఎనిమిది వందలు దాటకూడదు

కుసకబె మాస్టారు ఫోటో స్టూడియో తలుపు తోసుకుని వచ్చి, బూట్లకంటిన మంచు గుమ్మంలోనే దులుపుకుని, "ఆల్బమ్ పేజీలు తెచ్చానండీ. ఒక చిక్కొచ్చిపడింది" అన్నాడు. హత్సుయే ఆయనకు టీ పోసింది, తనకూ పోసుకుంది. ఆవిరి తగ్గకముందే ఒక గుక్క తాగేసింది. నాలుక కాలింది. కాలిందని ఆమెకు తెలిసింది కూడా. అయినా అది పక్కింటివాళ్ళ నాలుక అయినట్టు ఇంకో గుక్క తాగింది.

భర్త తెత్సురో పోయిన దగ్గర్నుంచీ ఏడాదిగా ఆమె వరస ఇదే. ఊళ్ళోవాళ్ళు ఆమెను గట్టి మనిషి అంటున్నారు. అంత్యక్రియల్లో కన్నీటి చుక్క రాల్చలేదు, నెల తిరక్కుండానే స్టూడియో తెరిచింది, బడివాళ్ళ ఆల్బమ్ పని వదులుకోలేదు. గట్టితనమూ లేదు, పాడూ లేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే. ఏడుద్దామని కూర్చుంటే ఏడుపు రాకపోవడం వేరు. ఆమెకు అలా కూర్చోవాలనే తోచలేదు.

మాస్టారు బల్ల మీద పేజీ పరిచాడు. బడి ముగించి వెళ్ళే మూడో ఏడాది పిల్లలు చెర్రీ చెట్టు కింద వరుసలు కట్టి నిలబడ్డ ఫోటో. పైన కుడి మూలన చిన్న గుండ్రం, అందులో ఒక ఆడపిల్ల ముఖం. ఫోటో రోజున జ్వరమొచ్చి రాని పిల్లనో, కాలు విరిగిన పిల్లవాడినో అలా మూలన అతికించడం హత్సుయేకి చేతి అలవాటు. ఎందరినో అతికించింది. ఏనాడూ ఒక్కరూ మాట అనలేదు.

"సుజునో ఆ గుండ్రంలో ఉండనంటోందండీ" అన్నాడు మాస్టారు. "'చచ్చిపోయినదాన్లా ఉన్నాను, అలా వేసేట్టయితే అసలు నన్ను వెయ్యొద్దు' అందట వాళ్ళమ్మతో."

"బతికున్న పిల్లే కదా?"

"నిక్షేపంగా ఉంది. బడికే రాదు. రెండో ఏడు సగంలో మానేసింది. ఎందుకే తల్లీ అంటే చెప్పదు. నెలనెలా వెళ్ళి ఆ పిల్ల గది తలుపు బయట కూర్చుని మాట్లాడి వస్తున్నా. ఆ తలుపుతో నాకు మహా స్నేహం కుదిరింది."

హత్సుయే నవ్వాల్సిన చోటు అదని గ్రహించి నవ్వింది.

"నలుగురితో కలిసి ఉన్న ఫోటో ఒక్కటుంటే చాలండీ" అన్నాడాయన. "ఆ గుండ్రం తీసేసి అది వేస్తాం. లేదంటే ఆ పిల్ల లేకుండానే పుస్తకం అచ్చవుతుంది. పెద్దయ్యాక ఎవరైనా తిప్పి చూస్తే ఆ పిల్ల మా తరగతిలో చదివినట్టే ఉండదు. మూడో ఏడు మొత్తం మీద వచ్చింది ఒక్కరోజు, ఆకులు రాలే కాలంలో పాటల పోటీకి. ఆ రోజు మీరు తీశారు కదా?"

"తీశాను" అంది హత్సుయే. తీసింది సరే, ఏం తీసిందో ఆమెకు తెలుసు. అయినా కంప్యూటర్ తెరిచింది.

కెమెరాలో ఐఎస్ఓ అని ఒక అంకె ఉంటుంది. వెలుతురు తక్కువైన చోట దాన్ని పెంచుకుంటూ పోవచ్చు. పెంచినకొద్దీ ఫోటో నిండా చుక్కలు చుక్కలుగా నాయిజ్ చేరుతుందని అందరూ అనేదే. తెత్సురో దాన్ని రవ్వ అనేవాడు. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళు కొన్న మొదటి డిజిటల్ కెమెరాలో ఎనిమిది వందలు దాటితే చాలు, పిల్లల బుగ్గల మీద ఎర్రవీ పచ్చవీ మచ్చలు తేలేవి. ఆ ఏడు ఆల్బమ్ చూసి అప్పటి హెడ్మాస్టరు, "ఏం, మా పిల్లలందరికీ ఆటలమ్మ పోసిందా?" అన్నాడు నలుగురి ముందూ. తెత్సురో మొహం మాడిపోయింది. ఇంటికొచ్చి కెమెరాల బీరువా తలుపు మీద కాగితం అంటించాడు: ఎనిమిది వందలు దాటకూడదు.

ఆ తర్వాత కెమెరాలు మారాయి. కాగితం మారలేదు. పైగా ఆ అంకె దాటి తీసిన ఫోటో ఏదైనా కంప్యూటర్లోకి దిగగానే తిన్నగా 'చెత్త' అనే అరలోకి పోయేట్టు ఏర్పాటు చేశాడు, చూస్తే ఎక్కడ మనసవుతుందోనని. హత్సుయే ఆ అర ఎన్నడూ తెరవలేదు. ఆయన నమ్మినదాన్ని తనూ నమ్మింది. మొగుడి మాటంటే వేదమనే మనిషేం కాదు ఆమె. బజారు నుంచి కూరగాయలు తెచ్చే విషయంలో ఆయన్ని నడివీధిలో కడిగేసేది. ఫోటోల్లో మాత్రం ఎదురు చెప్పేది కాదు.

పాటల పోటీ జరిగింది బడి జిమ్నాజియంలో. తెరలన్నీ దించేశారు, వేదిక మీద నాలుగు పసుపు దీపాలే. ఒక్కో తరగతి రెండేసి పాటలు పాడాలి. మొదటిది అందరికీ ఒకటే పాట, రెండోది ఎవరికి నచ్చినది వాళ్ళు ఎంచుకున్నది. కెమెరా అంతకుముందే సర్వీసుకు వెళ్ళొచ్చింది. వాళ్ళు శుభ్రం చేసి, అమరికలన్నీ కొత్త కెమెరాకు ఉన్నట్టు చేసి ఇచ్చారు. అంకెను కెమెరాయే తనంతట తాను పెంచుకునేలా ఉందని హత్సుయే చూసుకోలేదు. సుజునో వాళ్ళు మొదటి పాట ముగించేసరికి కెమెరా వెనక తెర మీద చూస్తే, పన్నెండు వేల ఎనిమిది వందలు. నాలుక కరుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ఎనిమిది వందలకు దించేసింది. మొదటి పాట ఫోటోలు పోవాల్సిన చోటికి పోయాయి. ఆమె వాటిని ఇక లెక్కలోకే తీసుకోలేదు.

రెండో పాటకి ఎనిమిది వందల దగ్గర వెలుతురు చాలలేదు. షట్టర్ నిదానం చేస్తే పాడుతూ ఊగే పిల్లలు చెదిరిపోతారు. లెన్స్ తెరుచుకోగలిగినంతా తెరుచుకునే ఉంది. ఇక చేయగలిగింది చీకటిగానే తీసుకుని, ఇంటికొచ్చాక కంప్యూటర్లో వెలుగు పెంచుకోవడం. తెత్సురో అలాగే చేసేవాడు.

ఇప్పుడు మాస్టారు చూస్తుండగా ఆమె ఆ వెలుగు పెంచింది. నల్లటి ఫోటోలోంచి పిల్లలు పైకి తేలారు, వాళ్ళతోపాటు రవ్వ కూడా తేలింది. రెండో వరుస చివర సుజునో ముఖం ఎర్ర చుక్కల కింద ఎక్కడో ఉంది. రవ్వ తగ్గించే మీట జరిపింది. చుక్కలు పోయాయి, వాటితోపాటే కనురెప్పలూ పెదవి అంచూ పోయి, బుగ్గలు నున్నగా అయిపోయాయి.

"హోటలు అద్దాల బీరువాలో నమూనాకి పెడతారే మైనపు నూడుల్స్, అలా ఉందండీ" అన్నాడు మాస్టారు మెల్లిగా. మళ్ళీ తనే నొచ్చుకుని, "అంటే మీ పనిని అనడం కాదు" అన్నాడు.

"ఉన్నమాటేగా మాస్టారూ."

"పట్టాలిచ్చే రోజున సాయంత్రం పూట ఆ పిల్లను రప్పిస్తున్నాం, అందరూ వెళ్ళిపోయాక, హెడ్మాస్టరుగారి గదికి. ఒక్కతే అయితే వస్తానంది. మీరూ రండి. ఆ రోజు ఫోటోలు చేరాకే పుస్తకం అచ్చుకు పోతుంది, కాస్త వ్యవధి ఉంది."

ఆయన వెళ్ళాక హత్సుయే కంప్యూటర్ కట్టేయబోయి ఆగింది. తెర మీద పక్కనే 'ఆసుపత్రి' అని ఒక అర ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫోటో. తెత్సురో మంచం మీద కూర్చుని నారింజ ఒలుచుకుంటూ, రసం చిమ్మి కంట్లో పడితే తనలో తనే పగలబడి నవ్వాడు. జబ్బు మొదలయ్యాక అంతగా నవ్వింది అప్పుడే. కిటికీలో మునిమాపు వెలుగు. ఆమె గబుక్కున కెమెరా తీసింది. ఆయన నవ్వుతూనే, "అంకె చూసుకో" అన్నాడు. ఆమె చూసుకుని దించింది, తీసింది. ఆ ఫోటోను తర్వాత తెరిచి చూడలేదు. ఇప్పుడూ చూడలేదు.

పట్టాల రోజు పొద్దున్న జిమ్నాజియం నిండా జనం. పిల్లలు ఏడ్చారు, తల్లులు ఏడ్చారు, కుసకబె మాస్టారు పేర్లు పిలుస్తూ మధ్యలో ఆగి దగ్గినట్టు నటించాడు. హత్సుయే ఎనిమిది వందల దగ్గరే ఉంచి అన్నీ తీసింది. ఆమెకేమీ అనిపించలేదు. అనిపించలేదన్న సంగతి మాత్రం, పర్సు ఇంట్లో మరిచిపోయినట్టుగా, అప్పుడప్పుడూ గుర్తొచ్చింది.

సాయంత్రం హెడ్మాస్టరు గదిలో అయిదుగురే ఉన్నారు. హెడ్మాస్టరు, మాస్టారు, హత్సుయే, సుజునో, బియ్యపు అప్పడాల ఫ్యాక్టరీ నుంచి పని బట్టల మీదే వచ్చేసిన ఆమె తల్లి. పిల్ల పొడుగు సాగింది. యూనిఫాం చేతులు మణికట్టు పైకి వచ్చేశాయి. కిటికీ సగం దాకా మంచు పేరుకుని గదంతా మసక మసకగా ఉంది. హత్సుయే ఫ్లాష్ వెలిగించగానే సుజునో చేత్తో కళ్ళు మూసేసుకుంది.

"తియ్యి, చెయ్యి తియ్యి, ఆంటీ ఫోటో తీస్తోంది" అంది తల్లి కంగారుగా.

"ఫర్వాలేదమ్మా, దీపం ఆపేస్తాను" అంది హత్సుయే.

హెడ్మాస్టరు పట్టా మీది ప్రతి మాటా, ఎదురుగా నూరుమంది ఉన్నట్టే నిదానంగా చదివి, రెండు చేతులా అందించాడు. సుజునో రెండు చేతులా అందుకుని వంగింది. తల్లి జేబురుమాలు నోట్లో కుక్కుకుంది. అయ్యాక మాస్టారు కెమెరా తెర మీద ఫోటో చూపించి, "ఇది వేసేద్దామా మరి? నేనూ బాగానే పడ్డాను" అన్నాడు.

సుజునో వంగి చూసింది. "పోలీసులకు దొరికిపోయినదాన్లా ఉన్నాను."

"ఏమిటే ఆ మాటలు!" అంది తల్లి. హెడ్మాస్టరు పకపకా నవ్వాడు.

"పాటల పోటీది లేదా ఆంటీ?" అని అడిగింది పిల్ల.

"ఉందమ్మా. చీకటిగా వచ్చింది. బాగు చేద్దామని చూశాను, కాలేదు."

"రెండు పాటలవీ అంతేనా?"

"మొదటి పాటవి తీసిపారేశాను. అంకె ఎక్కువైంది, నిండా రవ్వే ఉంటుంది."

"ఉంటుందా, ఉందా?"

"నేను చూడలేదు" అంది హత్సుయే.

"చూడకుండానే పారేశారా?" పిల్ల గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "రెండో పాట నేను పాడలేదాంటీ. భయమేసి నోరు ఆడించానంతే. పాడింది మొదటిదే. మీరు సరిగ్గా నాకెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని టకటకా కొట్టేస్తున్నారు. ఎలాగూ పడుతున్నాను కదా, మూతి బిగించుకుని పడితే ఏం బావుంటుందిలెమ్మని పాడేశాను."

తల్లి బిడ్డ వంక చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో ఇన్ని మాటలు ఒక్కసారిగా విని ఎన్నాళ్ళయిందో ఆవిడకి.

హత్సుయే ఇంటికి నడిచి వచ్చింది. మంచు కరగడానికి రోడ్డు మధ్య గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, బూట్లు తడిసిపోయాయి. కోటు విప్పకుండానే కంప్యూటర్ ముందు కూర్చుని 'చెత్త' తెరిచింది. మొదటి పాట మొత్తం అక్కడే ఉంది. ఒకటి తెరిచి పెద్దది చేసింది.

రవ్వ ఉంది. లేదని ఎవరంటారు? కానీ సన్నగా, అంతటా ఒకేలా పరుచుకుని ఉంది. దాని వెనక సుజునో నోరు బార్లా తెరిచి, మెడ నరం తేలేలా, కళ్ళు నేరుగా కెమెరాలో పెట్టి పాడుతోంది. షట్టర్ కూడా కాస్త నిదానంగా పడినట్టుంది, పిల్లల చేతులు చెదిరాయి, ముఖాలు చెదరలేదు. సుజునో పక్కనున్న పిల్ల పాడుతూ పాడుతూనే ఓరకంట సుజునో వైపు చూస్తోంది. దీనికింత గొంతుందా అన్నట్టు, సంబరంగా చూస్తోంది.

హత్సుయే రెండో పాట ఫోటోను పక్కన పెట్టి చూసింది. అదే హాలు, అవే నాలుగు దీపాలు. రవ్వ వచ్చేది అంకె వల్ల కాదు, వెలుతురు చాలక. మొదటి పాటప్పుడు కెమెరా షట్టర్‌ను కాస్త ఆపి దొరికినంత వెలుతురు పట్టుకుని, దాన్ని అక్కడికక్కడే పెంచి దాచింది. రెండో పాటప్పుడు ఆమె ఉన్న ఆ కాస్త వెలుతురునూ అడుగుకి తొక్కేసి, ఇంటికొచ్చాక జుట్టు పట్టుకుని పైకి లాగింది. ముఖంతోపాటు అడుగున ఉన్న మురికంతా వచ్చింది. ఆల్బమ్ పేజీలో పట్టేంత చిన్నది చేస్తే మొదటి పాట ఫోటోలో రవ్వ దాదాపు కనపడనే లేదు. ఇరవై ఏళ్ళు! ఇంత చిన్న సంగతి ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. చూడడానికి వీల్లేకుండా అర కట్టుకుని కూర్చున్నారు.

మాస్టారికి ఫోన్ చేస్తే పరుగున వచ్చి అచ్చు తీసిన ఫోటో పట్టుకుపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"నోరు చేప నోరులా ఉందందండీ."

"వద్దందా?"

"వేసెయ్యమంది! ఆ చుక్కలు ఉంటే ఉండనీ అంది. పక్కనున్నదెవరని అడిగింది. చెప్పాను. 'నాకేసి చూస్తోంది' అంది. అలా రెండు మూడుసార్లు అంది. తలుపు తెరిచే మాట్లాడిందండీ."

"మంచిది మాస్టారూ" అంది హత్సుయే, ఫోన్ పెట్టేసింది. పేజీలోంచి గుండ్రం తీసేసింది. అది ఉన్న చోట చెర్రీ కొమ్మ వచ్చి కూర్చుంది. ఎదుటి పేజీలో పాట ఫోటో పెట్టి ప్రెస్సుకి పంపింది.

పని అయిపోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. 'ఆసుపత్రి' తెరిచింది.

ఎనిమిది వందలు. కిటికీ తెల్లగా ఉంది, దాని ముందు మనిషి ఆకారంలో నలుపు. వెలుగు పెంచింది. ఇంకా పెంచింది. నలుపులోంచి ఎర్రవీ పచ్చవీ చుక్కలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఎక్కడో ఒక చెయ్యి, చేతిలో నారింజ కావచ్చు. నవ్వు ఉండాల్సిన చోట మచ్చ ఉంది. మీట జరిపితే మచ్చ కూడా పోయి నున్నటి మైనం మిగిలింది. ఆమె గబగబా 'చెత్త'లో ఆ రోజు కోసం వెతికింది. ఏమీ లేదు. ఎలా ఉంటుంది? మీట నొక్కకముందే అడ్డం పడ్డాడు కదా మహానుభావుడు.

పోయిన భర్తకు పొద్దుటి అన్నం పెట్టడం మరిచిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. చిన్న గిన్నెలో అన్నం తీసుకుని పక్కగదిలో ఆయన ఫోటో ఉన్న పూజ గూటి ముందుకు వెళ్ళింది. అన్నం పెట్టి, గంట కొట్టి, చేతులు జోడించాలి. అన్నం పెట్టింది. గంట కొట్టలేదు.

"మీ ఎనిమిది వందలు తగలెయ్య!" అంది.

ఆ మాట ఎవరన్నారో అర్థం కానట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. గదిలో తనొక్కతే ఉంది. కాళ్ళలోంచి పైకి ఏదో వేడిగా వచ్చింది. అది కోపం. ఏడాది తర్వాత ఆమెకు కోపం వచ్చింది.

"నవ్వుతున్నారు కదండీ, నవ్వేవాళ్ళు నవ్వక నా చేతిలో కెమెరాతో మీకేం పని? అంకె చూసుకోవాలా? ఎవరి కోసం? మిమ్మల్ని ఏ హెడ్మాస్టరు చూడొస్తాడని? రవ్వ ఉంటే ఉండేది! చుక్కల్లోంచి చూసుకునేదాన్ని! నాకు అలవాటేగా, మీ మొహం ఏమైనా అంత నున్నటి మొహమా? ఒక్కసారి, ఒక్కసారి ఆ అంకె పెంచుకోనిస్తే మీ సొమ్మేం పోయేదండీ?"

గొంతు బొంగురుపోయింది. ముక్కు కారుతోంది, కళ్ళూ కారుతున్నాయి, ఏది ఏదో తెలియడం లేదు. చాపమీద చతికిలబడి, చేతికందిన గుడ్డతో మొహమంతా తుడుచుకుంది. అది కెమెరా లెన్స్ తుడిచే గుడ్డ.

గూట్లో ఉన్న ఫోటో తెత్సురో తనకు తానే తీసుకున్నది. స్టూడియోలో రెండు వైపులా పెద్ద దీపాలు పెట్టి, అంకె వంద దగ్గర ఉంచి, పెదవులు బిగించుకుని తీసుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగి చూసింది. ఎంత వెతికినా అందులో ఒక్క రవ్వ గింజ లేదు.